అప్‌డేట్: కనిగిరి వైపు వర్క్‌షాప్ అయిపోయింది

డిగ్రీ విద్యార్థి నాయకులకు సమాజ విశ్లేషణ నేర్పాలి, ఉపన్యాసాలు లేకుండా ఎలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. నేల మీద ఊరి పటం గీయించండి, ఏ సమస్య పెద్దదో చింతగింజలతో ఓట్లు వేయించండి, ప్రతి జవాబుకీ ‘ఎందుకు?’ అనండి అని మీరు అన్నారు. కనిగిరి దగ్గర ఒక ఊళ్లో అదే చేశాం.

అన్నిటికన్నా పటమే బాగా పనిచేసింది. పిల్లలు ముగ్గుపిండితో గుడి, బడి, మెయిన్ రోడ్డు వేసి చేతులు దులుపుకున్నారు. చూస్తున్న ఒక పెద్దమ్మ “మా పేట ఏది నాయనా?” అంది. చెరిపి మళ్లీ గీశారు. ఈసారి నీళ్ల ప్లాంటు ఎవరికి దగ్గరో, చేతిపంపే ఎవరికి దిక్కో తెలిసిపోయింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ (ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసేది) లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పిల్లలకు తెలుసు. క్యాన్ కొనలేని ఇల్లు ఏదో పటం చూశాకే తెలిసింది.

చింతగింజలు ఆడపిల్లలకు విడిగా ఇచ్చాం, మంచిదైంది. మగపిల్లల గింజలన్నీ ఉద్యోగాల మీద పడితే, వీళ్లవి సాయంత్రం బస్సు మీద పడ్డాయి. బస్సు లేకపోతే ఇంట్లో చదువు మానిపిస్తారట!

‘ఎందుకు’ మాత్రం ఊరికే “అంతా రాజకీయాలు సార్” దగ్గర ఆగిపోయేది. అప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చెప్పాం. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెడితే, అది 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. దాంతో చర్చ మళ్లీ ఊపందుకుంది.

తర్వాతిది పొదిలిలో. భోజనాల తర్వాత సెషన్ మాత్రం చెట్టు కిందే, హాల్లో పెడితే సగం మంది నిద్రే.