బాగా చదివే పిల్లవాడికి ఆటిజం అన్న పేరు అవసరమా?

పాలకొల్లు తల్లి:

మా అబ్బాయికి 16 ఏళ్లు. పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నాడు. ఇంటర్ ఎంపీసీలో చేర్పించి హాస్టల్లో ఉంచాము. మూడో నెలలో వార్డెన్ ఫోన్ చేసి, మీవాడు భోజనాల హాలుకు రావడం మానేశాడనీ, రాత్రి స్టడీ అవర్‌లో రెండు చెవులూ మూసుకుని బల్ల కింద కూర్చున్నాడనీ చెప్పారు. రాజమహేంద్రవరంలో మనస్తత్వ నిపుణురాలికి చూపిస్తే, ఆవిడ మూడు విడతలుగా వాడితోనూ మాతోనూ మాట్లాడి, తెలివితేటలు సగటుకంటే బాగా ఎక్కువగా ఉన్నాయనీ, దానితోపాటు మొదటి స్థాయి, అంటే కొంత తోడ్పాటు అవసరమయ్యే ఆటిజం ఉందనీ రాసి ఇచ్చారు.

మా ఇంటి వెనుక నుంచి పోయే నరసాపురం కాలువ నీటిమట్టాన్ని వాడు తొమ్మిదో ఏట నుంచి నోటుపుస్తకాల్లో రాస్తున్నాడు. విజ్జేశ్వరం నుంచి మా ఊరి వరకు ఏ లాకు ఎక్కడుందో వరసగా చెబుతాడు. వేసవిలో కాలువలు కట్టేసే తేదీ మారిందంటే రెండు రోజులు అన్నం సరిగా తినడు. ఇవన్నీ మాకు వాడి తెలివిగానే కనిపించాయి. ఇప్పుడు మా మామగారు, ‘వాడు అచ్చం మా నాన్న పోలిక, ఆయనా ఇంతే, ఆ కాగితం బీరువాలో పెట్టి మరిచిపోండి’ అంటున్నారు. నా భర్త ఎటూ చెప్పలేకపోతున్నారు. ఈ పేరు వాడికి చెప్పాలా, కాలేజీకి చెప్పాలా, అసలు ఒప్పుకోవాలా అన్నది నా ప్రశ్న.

విశ్రాంత ఉపాధ్యాయుడు, రామచంద్రపురం:

అమ్మా, నేను 34 ఏళ్లు హైస్కూలులో పాఠం చెప్పాను. మీ అబ్బాయిలాంటి పిల్లలు ప్రతి రెండు మూడేళ్లకు ఒకరు నా తరగతిలో ఉండేవారు. ఎవరితోనూ కలవరు, అడిగినదానికే జవాబు చెబుతారు, ఒక విషయం పట్టుకుంటే వదలరు. ‘వాడి లోకం వాడిది’ అని ఊరు వారికి చోటిచ్చింది. ఒకరు రైసు మిల్లులో లెక్కలు రాశారు, ఒకరు పంచాంగ గణితంలో దిట్ట అయ్యారు. వారిని ఎవరూ రోగులు అనలేదు.

పేరు పెట్టిన మరుక్షణం నుంచి ఆ పిల్లవాడు చేసే ప్రతి పనినీ ఆ పేరులోంచే చూస్తారు. కాలువ పుస్తకాలు నిన్నటివరకు ఆసక్తి, రేపటినుంచి లక్షణం. మన ప్రాంతంలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఏడు తరాలు తవ్వుతారని మీకు తెలియనిది కాదు. ఆ పిల్లవాడికి చెల్లెలు ఉంటే ఆమె సంబంధానికీ ఇది అడ్డు వస్తుంది. పైగా ఈ నిర్వచనం ఏటికేడు వెడల్పవుతోంది. తక్కువ మాట్లాడే ప్రతివాడికీ స్వల్పం నుంచి తీవ్రం దాకా పరిచిన ఒక స్పెక్ట్రమ్ చూపిస్తే, చివరికి మనిషి స్వభావం అన్నదానికి చోటు ఎక్కడ మిగులుతుంది?

మండపేట నుంచి హైదరాబాదు:

మాస్టారూ, మీరు చెప్పిన పిల్లల్లో నేనొకణ్ణి. నాకిప్పుడు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మూడేళ్ల క్రితం ఆటిజం అని తేలింది. ఊరు నాకు చోటిచ్చిందన్న మాట బయటి నుంచి చూసినవారిది కనుక, లోపలి నుంచి అది ఎలా ఉంటుందో కొంచెం వివరంగా రాస్తాను.

చిన్నప్పుడు సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్తే, కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లేవారు. ఏకాదశ రుద్రుల పేర్లు, ఏ ఊరి ప్రభ ఏ దారిన వస్తుందో, గంగలకుర్రు ప్రభలను కౌశిక నది నీటిలోంచి ఎలా దాటిస్తారో అన్నీ నాకు కంఠతా వచ్చు, అంత ఇష్టం. కానీ బాణసంచా, డప్పులు, మైకులు, ఒంటికి తగిలే మనుషులు కలిసి ఒక్కసారిగా మీద పడేసరికి నాకు మాట పోయేది. నోరు తెరిచినా శబ్దం వచ్చేది కాదు. ‘ఇంత తెలివైనవాడివి, ఇంత పిరికితనమేమిట్రా’ అనేవారు. తెలివైనవాడినన్న మాటే నాకు శిక్ష అయ్యింది. చదువులో వెనకబడినవాడికి ఏదైనా రాకపోతే జాలిపడతారు, ముందున్నవాడికి రాకపోతే పొగరు అంటారు.

అందువల్ల నేను చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎదుటివారి ముఖంలో ఎంతసేపు చూడాలి, ‘ఎప్పుడు వచ్చారు’ అని అడిగితే గంట, నిమిషం చెప్పకూడదు, ‘భోజనానికి ఉండండి’ అన్నది నిజంగా ఉండమనడమో మర్యాదకో దేన్నిబట్టి తెలుస్తుంది వంటి విషయాలను ఇతరులు ఊపిరి తీసినట్లు చేస్తుంటే, నేను మనసులో లెక్క కట్టి చేశాను. లెక్క బాగా కట్టగలిగాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ లెక్క రోజంతా నడపడానికి అయ్యే ఖర్చు సాయంత్రానికి తెలిసేది. 31వ ఏట ఉద్యోగం నుంచి వచ్చి లైటు వేసుకునే శక్తి కూడా లేక చీకట్లో కూర్చునే స్థితికి చేరాను. రెండేళ్లు కుంగుబాటుకు మందులు వాడినా, మూలం ఎక్కడుందో ఎవరికీ తట్టలేదు.

మనిషి స్వభావానికి చోటెక్కడ అని అడిగారు. నాకు పేరు లేని రోజుల్లో నా స్వభావానికి ఉన్న పేర్లు పొగరు, పిరికితనం, మొండితనం. ఆటిజం అన్నది నాకు దొరికిన నాలుగో పేరు, అందులో మొదటిసారి నా తప్పు లేదు. ఆ తల్లికి నేను చెప్పేది ఒక్కటే: ముందు అబ్బాయికి చెప్పండి. మిగిలినవారి సంగతి వాడితో కలిసి నిర్ణయించుకోవచ్చు.

ప్రత్యేక విద్యా బోధకురాలు, కాకినాడ:

నిర్వచనం వెడల్పయిందన్న మాస్టారి మాట వాస్తవమే, కానీ అది ఎందుకు వెడల్పయిందో చూడాలి. 1943లో లియో కానర్ అమెరికాలోనూ, 1944లో హాన్స్ ఆస్పర్జర్ వియన్నాలోనూ ఇటువంటి పిల్లల గురించి రాశారు. వారికంటే సుమారు ఇరవై ఏళ్ల ముందే గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు మాస్కోలో, సంగీతంలోనో లెక్కల్లోనో ప్రతిభ ఉండి తోటివారితో మెలగలేని బాలురను శ్రద్ధగా వర్ణించారు. అంటే తెలివి ఉండీ ఆటిజం ఉండడం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మొదటి వర్ణనల నుంచీ ఉన్నది మధ్యలో మరుగున పడింది. 1981లో లోర్నా వింగ్ ఆస్పర్జర్ సిండ్రోమ్ అన్న పేరుతో దానిని తిరిగి వెలుగులోకి తెచ్చారు, 1994లో అమెరికా మానసిక వైద్యుల సూచికలో అది చేరింది, 2013లో వచ్చిన అయిదో కూర్పు దానిని విడి పేరుగా తీసివేసి ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపింది. ఎవరికి ఆస్పర్జర్, ఎవరికి ఆటిజం అన్నది వైద్యుణ్ణి బట్టి మారుతూ ఉండడమే అందుకు ముఖ్య కారణం.

అదే కూర్పులో ఈ తల్లికి బాగా పనికివచ్చే మాట ఒకటి ఉంది. లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలి, అయితే ఎదురయ్యే అవసరాలు ఆ పిల్లల శక్తిని మించేవరకు అవి పూర్తిగా బయటపడకపోవచ్చు. మీ ఇంట్లో అబ్బాయికి ఒక గది, ఒక కాలువ గట్టు, ఒకే వేళకు భోజనం ఉన్నాయి. వాడి శక్తి అక్కడ సరిపోయింది. హాస్టల్లో ఒక గదిలో ఎనిమిది మంది, తెల్లవారుజామున గంట, స్టీలు కంచాల చప్పుడు, చెప్పకుండా మారే టైమ్ టేబులు. వాడు మారలేదు, వాడి చుట్టూ ఉన్నది మారింది.

తెలివి పరీక్ష కొలిచేది వేరు, ఆటిజం వేరు అన్నది మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు చెప్పడానికే సగం సమయం పడుతుంది. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల మీద అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సిడిసి 2020లో సేకరించిన వివరాల ప్రకారం, తెలివి పరీక్షల ఫలితాలు అందుబాటులో ఉన్న ఆటిజం పిల్లల్లో మేధో వైకల్యం కూడా ఉన్నవారు సుమారు 38 శాతమే. తెలివి ఆటిజాన్ని తగ్గించదు, కప్పుతుంది. ఆడపిల్లల్లో ఈ కప్పడం మరింత ఎక్కువ కనుక వారిని గుర్తించేసరికి తరచు ఇంకా ఆలస్యమవుతుంది. స్వీడన్‌లో జరిగి 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మేధో వైకల్యం లేని ఆటిజం వ్యక్తుల్లో ఆత్మహత్య ముప్పు ప్రత్యేకించి ఎక్కువగా కనిపించింది. బీరువాలో కాగితం పెట్టి మరిచిపోవడం గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి కూడా తూకంలో వేయండి.

అమలాపురం తండ్రి:

నా కొడుకుకు 14 ఏళ్లు. మాట లేదు. స్నానం నేనే చేయిస్తాను. ఇంటి చుట్టూ కొబ్బరితోట, ఆపైన పంట కాలువ, వాడు నీళ్లను చూస్తే ఆగడు కనుక గేటుకు ఎప్పుడూ తాళం ఉంటుంది. ఇక్కడ రాసినవారి బాధను నేను కాదనడం లేదు. కానీ ఉద్యోగం చేస్తూ ఇంత చక్కగా రాయగలిగినవారికీ నా కొడుకుకూ ఒకే పేరు ఎలా సరిపోతుంది? ఆటిజం అనగానే జనం మేధావిని ఊహించుకుని, ‘మీవాడికి ప్రత్యేక ప్రతిభ ఏముంది’ అని నన్ను అడుగుతున్నారు. ఏమీ లేదని చెప్పడం ప్రతిసారీ కష్టంగా ఉంటుంది.

మండపేట నుంచి హైదరాబాదు:

అయ్యా, మీరు అడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే పేరు మా ఇద్దరికీ చాలదన్నది నిజం. అందుకే కాబోలు, 2021లో లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ మీ అబ్బాయివంటివారి కోసం తీవ్ర ఆటిజం అన్న అర్థం వచ్చే విడి మాటను ప్రతిపాదించింది. దాన్ని వ్యతిరేకించేవారూ ఉన్నారు. నేను వ్యతిరేకించను. కానీ మీ అబ్బాయి ప్రెషర్ కుక్కర్ విజిలుకు చెవులు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను లోపలి నుంచి చెప్పగలను, వాడు చెప్పలేడు. ఆ మాత్రపు చుట్టరికం ఉందనుకుంటున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు, రామచంద్రపురం:

మండపేట అబ్బాయి రాసినది రెండుసార్లు చదివాను. నేను పొగరు అన్న పిల్లలు నాకు గుర్తున్నారు. అమలాపురం తండ్రిగారి మాట కూడా మనసును పట్టుకుంది. అయినా నా అభ్యంతరంలో ఒక భాగం అలాగే ఉంది. పిల్లవాడికి చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. మీరంతా రాస్తున్నది మొదటిదాని గురించి, నేను భయపడుతున్నది రెండోదాని గురించి. కాలేజీకి ఒకసారి తెలిశాక అది హాస్టల్ గోడల్లో ఆగదు. ఆ పేరుతో తోటి పిల్లలు ఏడిపించరని ఎవరైనా హామీ ఇవ్వగలరా? ప్రభుత్వపరంగా వచ్చే మేలు ఏమిటో కూడా ఎవరూ చెప్పలేదు.

ప్రత్యేక విద్యా బోధకురాలు, కాకినాడ:

హామీ ఎవరూ ఇవ్వలేరు మాస్టారూ. ఏడిపించడం పేరు లేకముందు కూడా జరుగుతూనే ఉంటుంది.

ప్రభుత్వపరమైన మేలు సంగతి చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం లేదా ఆపైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వైకల్యాలకూ కలిపి 4 శాతం రిజర్వేషను వర్తిస్తాయి. మనదేశంలో ఆటిజం శాతాన్ని తేల్చడానికి ఇసా అనే కొలబద్దను వాడుతూ వచ్చారు. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 70 లేదా ఆపైన వస్తే ఆటిజం కింద లెక్క. చిక్కు ఎక్కడంటే, ఆ అంశాలు చాలావరకు బయటికి కనిపించే ప్రవర్తన మీద ఆధారపడ్డవి. కళ్లలోకి చూడడం, అడిగినదానికి జవాబివ్వడం కష్టపడి నేర్చుకున్న పిల్లవాడు వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో పావుగంట కూర్చుంటే, అతనికి ఏ ఇబ్బందీ లేదనిపించే అవకాశం ఎక్కువ. ఇంట్లో, హాస్టల్లో ఏం జరుగుతోందో తేదీలతో రాసి తీసుకెళ్లమని నేను చెబుతుంటాను.

సర్టిఫికెట్ లేకపోయినా కాలేజీని అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. భోజనానికి పది నిమిషాలు ముందు పంపడం, తలుపు పక్క కాకుండా మూల మంచం ఇవ్వడం, టైమ్ టేబులు మారితే ముందురోజు కాగితం మీద రాసి ఇవ్వడం వంటివాటికి ఖర్చేమీ లేదు. వాటిని అడగడానికి ఆటిజం అన్న మాట వాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. వాడితేనే త్వరగా జరుగుతాయని నా అనుభవం. ఒప్పుకోని కాలేజీలూ ఉన్నాయి. అక్కడ డే స్కాలర్‌గా మార్చుకోవడమే మేలు.

ఇంకో విషయం. ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనసు అర్థం కాదని పూర్వం ఏకపక్షంగా రాసేవారు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనకూ ఆటిజం ఉంది, 2012లో దాన్ని ప్రశ్నించి, అర్థం కాకపోవడం రెండువైపులా ఉందని వాదించారు. తరువాత 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోతే, ఆటిజం ఉన్నవారి వరసలో అది ఆటిజం లేనివారి వరసలో అంత బాగానూ నిలిచింది, ఇద్దరినీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. వార్డెన్‌తో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నేర్చుకోవలసిన భారమంతా 16 ఏళ్ల పిల్లవాడి మీదే ఉండనక్కరలేదు.

పాలకొల్లు తల్లి:

అందరికీ నమస్కారం. ఆదివారం అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చాము. సాయంత్రం కాలువ గట్టు మీద వాడు నీటిమట్టం చూసి రాసుకున్నాక, నిపుణురాలు ఇచ్చిన నివేదికను వాడి చేతికి ఇచ్చాను. పక్కన మా మామగారు కూడా ఉన్నారు. వాడు మొత్తం చదివి, నాలుగో పేజీలో ‘స్నేహితుల పట్ల ఆసక్తి లేదు’ అని రాశారనీ, అది తప్పనీ, ఆసక్తి ఉందనీ, ఎలా మొదలుపెట్టాలో తెలియదనీ అన్నాడు. ఆ వాక్యం మార్పించమని అడిగాడు. 16 ఏళ్లలో వాడు నాతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

వార్డెన్‌కు ఏం చెప్పాలో వాడే ఒక కాగితం మీద రాశాడు. అందులో ఆటిజం అన్న మాట ఉంది, దాని కింద మూడు కోరికలున్నాయి, భోజనానికి ముందు పంపడం అందులో మొదటిది. తోటి పిల్లలకు మాత్రం ఇప్పుడే చెప్పవద్దన్నాడు, సరేనన్నాము. మా మామగారు ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, వాళ్ల నాన్నగారు పెళ్లిళ్లలో పందిట్లో కూర్చోకుండా వంటలు వండేచోటికి వెళ్లి గాడిపొయ్యి పక్కన ఒక్కరే భోంచేసేవారని చెప్పారు. మావాడు ‘ఎన్నేళ్లు అలా చేశారు తాతయ్యా’ అని అడిగాడు.

మాస్టారూ, అమలాపురం అన్నయ్యగారూ, మీ ఇద్దరి మాటలు కూడా నా భర్తకు చదివి వినిపించాను. నివేదికలో వాక్యం మార్పించడానికి బుధవారం రాజమహేంద్రవరం వెళ్తున్నాము. వాడు వస్తానన్నాడు.