డాలస్ నుంచి కొలరాడోకి కారులో, అమ్మానాన్నలతో: ఈ ప్లాన్ ఒకసారి చూడండి

గోంగూర‌_పప్పు
జులైలో కొలరాడో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న. నాన్నకి 68, బీపీ ఉంది కానీ రోజూ గంట నడుస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, రాత్రంతా మార్చుకుంటూ నడిపి, శనివారం మధ్యాహ్నానికి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు పక్కనున్న ఎస్టెస్ పార్క్ అనే ఊరు చేరాలని. ఆదివారం పొద్దున ఆ పార్కులో ఎమరాల్డ్ లేక్ దాకా నడక, మధ్యాహ్నం కొండ మీదికెళ్లే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు, సోమవారం డెన్వర్, మంగళవారం కొలరాడో స్ప్రింగ్స్, అక్కణ్నుంచి వెనక్కి. హోటళ్లకి ఇంకా డబ్బు కట్టలేదు. ఏమైనా మార్చాలా?

ఘాట్‌రోడ్డు
మార్చాలండి, మొత్తం తిరగేయండి. దూరం సమస్య కాదు, ఎత్తే సమస్య. డాలస్ 500 అడుగుల లోపే ఉంటుంది, ఎస్టెస్ పార్క్ 7,522, ఎమరాల్డ్ నడక మొదలయ్యే బేర్ లేక్ 9,475, ట్రెయిల్ రిడ్జ్ పైన 12,183. రాత్రంతా నిద్ర లేకుండా వెళ్లి మర్నాడే అంత పైకి ఎక్కిస్తే మీకే తల పగిలిపోతుంది, పెద్దవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఊళ్లు ముందు, కొండలు తర్వాత పెట్టుకోండి. శనివారం పొద్దున బయల్దేరి అమరిల్లోలో పడుకోండి, ఆరు గంటల ప్రయాణం. ఆదివారం న్యూ మెక్సికోలోని రాటన్ ఊరి మీదుగా కొలరాడో స్ప్రింగ్స్, అది 6,000 అడుగుల పైన ఉంటుంది. సోమవారం పొద్దున్నే గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ చూడండి, టికెట్ లేదు, సిమెంటు దారి, అమ్మగారు హాయిగా నడుస్తారు. సాయంత్రానికి డెన్వర్. బుధవారం ఎస్టెస్ వెళ్లేసరికి ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. నాన్నగారి బీపీ మందుల గురించి మాత్రం బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగండి, ఇలాంటి గ్రూపుల్లో కాదు.

ఇంకోటి, ఆదివారం ప్లాన్‌లో ట్రెయిల్ రిడ్జ్ మధ్యాహ్నం పెట్టారు. జులైలో అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు మెరుపులు మామూలే, పైన చెట్టన్నది ఉండదు. పొద్దున ఎక్కి, పన్నెండు లోపు దిగిపోవాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకుండా గేరు తగ్గించండి.

నల్లగొండ_పిల్ల
అన్నా, పర్మిట్ సంగతి ఎవరూ చెప్పలేదు! 2025లో బేర్ లేక్ రోడ్డుకి పొద్దున 5 నుంచి సాయంత్రం 6 దాకా, మిగతా పార్కుకి 9 నుంచి 2 దాకా టైమ్డ్ ఎంట్రీ బుకింగ్, అంటే లోపలికి పోయే టైము ముందే బుక్ చేస్కునుడు, ఉండాల్సిందే. ఈసారి గంటలు పార్కు సైట్‌లో చూస్కో. బేర్ లేక్ రోడ్డుతో కలిపి ఉన్నదే తీస్కో, రెండో రకం తీసుకుంటే ఎమరాల్డ్ లేక్ దాకా పోనియ్యరు. గేటు దగ్గర ఎంత బతిమాలినా లాభం లేదు.

డబ్బు కూడా లెక్కేస్కో. 2026 నుంచి అమెరికాలో ఉండనివాళ్లకి రాకీ మౌంటెన్‌తో కలిపి 11 పార్కుల్లో, 16 ఏళ్లు దాటితే మనిషికి 100 డాలర్లు అదనం. సీనియర్ పాస్ అడుగుదామనుకుంటావేమో, విజిటర్ వీసా మీద వచ్చినోళ్లకి రాదు.

గోంగూర‌_పప్పు
వంద డాలర్లా! నాన్నకి చెబితే కారు దిగనంటారు. సరే, తిరగేస్తున్నా. మరి అమ్మ ఎమరాల్డ్ లేక్ ఎక్కలేదు కదా, కారులో కూర్చోబెట్టాలా?

ఘాట్‌రోడ్డు
కూర్చోబెట్టకండి, పాపం. ఎమరాల్డ్ రానుపోను సుమారు మూడున్నర మైళ్లు, చివర్లో రాళ్లు. మీరు, బాబు, నాన్నగారు వెళ్లండి. నాన్నగారికి ఆయాసం వస్తే డ్రీమ్ లేక్ దగ్గరే ఆగిపోవచ్చు, నన్నడిగితే అదే ఇంకా అందంగా ఉంటుంది. ఆ రోడ్డులోనే స్ప్రేగ్ లేక్ ఉంది, చుట్టూ అరమైలు, వీల్‌చెయిర్ కూడా పోయేంత చదునైన దారి, మధ్యమధ్యలో బెంచీలు. అమ్మగారిని, మీ ఆవిడని అక్కడికి పంపండి.

కుక్కర్_మూత
తిండి గురించి నేను చెప్తా. ఎస్టెస్‌లో కిచెన్ ఉన్న గది తీసుకుంటే మామూలు రైస్ కుక్కర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి అన్నం పలుకు మీదే ఉంటుంది, పప్పైతే అసలు మెదగదు. ప్రెషర్ కుక్కరే పట్టుకెళ్లండి. ఆవకాయ సీసాని డాలస్‌లో బిగించి అక్కడ మూత తీస్తే బుస్సుమని నూనె అంచుల మీదికి వస్తుంది. సింకులో పెట్టి మెల్లగా తిప్పండి, హోటల్ దుప్పట్ల మీద మాత్రం వద్దు. చిప్స్ ప్యాకెట్లు ఉబ్బితే కంగారు పడకండి, పాడవలేదు.

గోంగూర‌_పప్పు
ఆవకాయ పెద్ద సీసాయే సర్దింది అమ్మ, మంచి మాట చెప్పారు. అమరిల్లో నుంచి రాటన్ దాకా దారిలో ఏమీ ఉండదంటున్నారు, నిజమేనా?

నల్లగొండ_పిల్ల
డాల్‌హార్ట్, క్లేటన్ వస్తయి. క్లేటన్‌లో ట్యాంకు నింపి బాత్రూమ్ పని కూడా కానిచ్చెయ్, తర్వాత రాటన్ దాకా ఎనభై మైళ్ల పైనే గడ్డి తప్ప ఏం కనపడదు. మధ్యల కపులిన్ అగ్నిపర్వతం ఉంది, ఆరిపోయిందే, కారు అంచు దాకా పోతది. బాబుకి బాగా నచ్చుతది. అన్నట్టు న్యూ మెక్సికోలోకి పోంగనే గడియారం గంట వెనక్కి పోతది, కపులిన్‌కి ఆ గంట వాడుకో.