నవంబర్ విరాళాల సాయంత్రం: పనుల పంపకం, తిరుపతి నుంచి వచ్చిన సూచనలు

సమన్వయకర్త, రెడింగ్:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. నవంబర్ రెండో శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా మనది. కుర్చీలు మనమే వేసుకోవాలి, వెళ్లేటప్పుడు మనమే సర్దాలి. ఈ ఏడాది వచ్చే డబ్బంతా తిరుపతి పరిసరాల్లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆశ్రయం నడుపుతున్న చిన్న సంస్థకు. ఇక్కడ బ్రిటన్‌లో మన సంఘంలో సగం మందిది ఉమ్మడి చిత్తూరు జిల్లానే, కాబట్టి ఎవరికీ కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. సంస్థ పేరు పోస్టర్ మీద వేద్దాం. ఆశ్రయ గృహం ఏ ఊళ్లో ఉందో మాత్రం ఎక్కడా రాయొద్దు, ఈ థ్రెడ్‌లో కూడా. తిరుపతి నుంచి వాలంటీరు మేడం కూడా ఇందులో ఉన్నారు. అక్కడి విషయాలు ఆవిడనే అడగండి, ఊహించి రాయకండి. ఎవరు ఏ పని తీసుకుంటారో చెప్పండి.

వంటల కమిటీ:
వంట మాది. రాగి సంగటి, వేరుశెనగ ఊరిబిండి, పచ్చిపులుసు, ఓళిగలు. బిర్యానీ అడగొద్దు, ప్రతి ఫంక్షన్‌కీ అదేనా! సంగటి గెలకడానికి చేతిలో బలమున్న మగవాళ్లు ఇద్దరు కావాలి.

సాంస్కృతిక విభాగం:
అక్కా, నాదొక ఆలోచన. మూడున్నరకి పెద్ద స్క్రీన్ మీద అక్కడి పిల్లలతో లైవ్ పెడదాం. ఇద్దరు ముగ్గురు పాట పాడి, ఒక అమ్మ తన కథ రెండు మాటల్లో చెబితే చాలు, హాల్లో కన్నీళ్లు ఆగవు. విరాళం అడగాల్సిన పనే ఉండదు. మన పేజీలో కూడా లైవ్ ఇస్తే రాలేనివాళ్లు ఇంటి నుంచి పంపుతారు. ప్రొజెక్టర్ నాది, ఖర్చు లేదు.

తిరుపతి వాలంటీరు:
నాయనా, నీ ఉత్సాహం మంచిదే. కానీ ఈ లైవ్ మాత్రం వద్దు. ముందు టైము సంగతి. అక్టోబర్ ఆఖరి ఆదివారం మీ గడియారాలు వెనక్కి పోతాయి, తేడా ఐదున్నర గంటలవుతుంది. మీ మూడున్నర మాకు రాత్రి తొమ్మిది. పడుకునే పిల్లల్ని లేపి మీకోసం పాడించాలా?

రెండోది చట్టం. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు, గుర్తుపట్టేందుకు వీలున్న ఏ వివరమూ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖం మసగ్గా చూపిస్తే సరిపోదా అని అడుగుతారు. గొంతు వినిపిస్తుంది కదా, వెనకాల గోడ కనిపిస్తుంది కదా.

అసలు కారణం ఈ రెండూ కాదు. మీ హాల్లో కూర్చునేది ఎవరు? చంద్రగిరి వాళ్లు, పలమనేరు వాళ్లు, పుంగనూరు వాళ్లు, పుత్తూరు వాళ్లు. ఈ గృహంలో ఉన్న ఆడవాళ్లవీ ఆ ఊళ్లే. మీరు దూరదేశంలో ఉన్నామనుకుంటున్నారు గానీ, ఆ ఆడమనిషి మొగుడి మేనమామ కొడుకు రెడింగ్‌లోనే ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు. ఫోన్‌లో తీసిన వీడియో చుట్టాల గ్రూపులోకి పోవడానికి ఎంతసేపు పడుతుంది? మర్నాడు పొద్దున్నే ఆ మొగుడు బండేసుకుని గేటు ముందుకొస్తాడు. ఇంగ్లీషు వాళ్ల హాల్లో చూపించినదానికంటే మన హాల్లో చూపించినదే ఎక్కువ ప్రమాదం.

సాంస్కృతిక విభాగం:
మేడం, ఈ కోణం నాకు తట్టలేదు. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆవిడే ఒప్పుకుంటే?

తిరుపతి వాలంటీరు:
ఎవరు అడుగుతున్నారో చూడు. ఆమెకు అన్నం పెట్టి, మంచమిచ్చి, పిల్లల్ని బడికి పంపుతున్న సంస్థ అడుగుతుంది. కాదని ఎట్లా అంటుంది? కాదనే వీల్లేనప్పుడు ఒప్పుకోలుకు విలువేముంది? ఎప్పుడో ఆమె కాళ్ల మీద ఆమె నిలబడి, ఏళ్లు గడిచాక, తనంతట తాను మాట్లాడతానంటే అది వేరే సంగతి.

కోశాధికారి:
డబ్బు విషయం చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. మన సంఘం బ్రిటన్‌లో రిజిస్టరైంది. కాబట్టి మనం పంపే ప్రతి పౌండూ భారత చట్టం లెక్కలో విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి. అది ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి, గడువు ఎప్పటిదాకా ఉందో పంపే ముందు మళ్లీ చూస్తాను. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో సంస్థ తెరిచిన ఖాతాలోనే పడాలి. తిరుపతి బ్రాంచి నంబరు ఎవరైనా పంపితే దానికి పంపేది లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అదే సవరణతో, ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా ఆగిపోయింది. పోయిన మీటింగులో ‘పెద్ద సంస్థకు ఇద్దాం, వాళ్లే చిన్నవాళ్లకు పంచుతారు’ అన్నారు కదా, అది కుదరదు. ఆఫీసు ఖర్చులకు వాడగలిగేది కూడా 20 శాతమే, ఇంతకు ముందు 50 ఉండేది. మనం ఇచ్చేది ఏ పద్దుకో ముందే రాసుకుని, వాళ్ల ఆడిటర్‌తో చూపించుకుని పంపుదాం.

విద్యార్థి వాలంటీరు:
అన్నా, ఒక డౌటు. నాది ఇండియా పాస్‌పోర్టే. నా డబ్బులు నా ఇండియా ఖాతా నుంచి నేరుగా సంస్థకు వేసేస్తే? ఇంకా, మా రూమ్‌లో వాళ్ల దగ్గర క్యాష్ వసూలు చేసి మా అమ్మకు పంపితే, అమ్మ తిరుపతిలోనే కదా, వెళ్లి ఇచ్చేస్తుంది.

కోశాధికారి:
మొదటిది చేయొచ్చు తమ్ముడూ. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు, అంటే వేరే దేశం పౌరసత్వం ఉన్న మనవాళ్లు ఇస్తే మాత్రం అవుతుంది. మన మెంబర్లలో ఓసీఐ వాళ్లే ఎక్కువ, గుర్తుంచుకోండి. రెండోది వద్దే వద్దు. నలుగురి డబ్బు పోగేసి అమ్మ చేత ఇప్పిస్తే అది ఎవరి డబ్బో రేపు ఎవరు చెబుతారు? అమ్మను ఎందుకు ఇరికించడం!

ఇక్కడి లాభం ఇక్కడ పోగొట్టుకోవద్దు. పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే ఒక పౌండుకు 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది. భోజనం టికెట్‌కు, లాటరీ టికెట్‌కు ఇది వర్తించదు, విడిగా ఇచ్చిన విరాళానికే. అందుకే టికెట్ ధర భోజనం ఖర్చు వరకే పెడదాం, విరాళం వేరే టేబుల్. ఫారం మీద ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ సరిగ్గా రాయించే మనిషి కావాలి. మొహమాటం లేనివాళ్లయితే మంచిది.

లాటరీ టికెట్లు హాల్లోనే, ఆ రోజే అమ్మాలి. అలాగైతే లైసెన్సు అక్కర్లేదు. వచ్చిన డబ్బులోంచి బహుమతులకు 500 పౌండ్లు దాటి తీయకూడదు. ముందుగా వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెట్టకండి.

సాంస్కృతిక విభాగం:
బహుమతుల్లో తిరుమల లడ్డూ పెడితే? మా బావ అక్టోబర్‌లో వస్తున్నాడు, తెస్తాడు. టికెట్లు ఎగిరిపోతాయి.

వంటల కమిటీ:
ప్రసాదం లాటరీలోనా! మా అత్తగారు ఇది చదివితే నన్ను కమిటీలోంచి తీసేయిస్తారు. తెస్తే గుమ్మం దగ్గర అందరికీ తలా చిటికెడు పెడదాం.

సమన్వయకర్త, రెడింగ్:
చిటికెడే ఖాయం. బహుమతులకు శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు తెప్పిద్దాం, చేత్తో కలంతో వేసినవి, అచ్చువి కాదు. మేడం, అసలు వాళ్లకు ఏం కావాలో రాయగలరా? బట్టలు మూటలు కడుతున్నామని ఇప్పటికే ముగ్గురు మెసేజ్ పెట్టారు.

తిరుపతి వాలంటీరు:
పాత బట్టలు వద్దమ్మా, మూటలు విప్పమని చెప్పు. అక్కడి నుంచి పంపే ఖర్చుతో ఇక్కడ గాంధీ రోడ్డులో కొత్తవి వస్తాయి. చలికోట్లు తిరుపతిలో ఎవరేసుకుంటారు?

కావాల్సినవి ఫొటోకి బాగుండవు. రాత్రిపూట గేటు దగ్గర కాపలా ఉండే ఆడమనిషి జీతం. వారానికోసారి కాదు, రోజూ వచ్చే కౌన్సెలర్ జీతం. కోర్టు ఖర్చులు. వకీలుకు కాదు, 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగానే ఇస్తారు. కానీ వాయిదా రోజున కూలి పోతుంది, తోడు ఇంకొకరు రావాలి, ఆటో కావాలి. 2025 ఆగస్టు 15 నుంచి మా బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అంటారు. నిజమే, గుర్తింపు కార్డు చూపిస్తే. అర్ధరాత్రి కట్టుబట్టలతో వచ్చిన మనిషి దగ్గర ఆధార్ ఎక్కడుంటుంది? ఇంట్లో మొగుడి బీరువాలో ఉంటుంది. ఆ కార్డులన్నీ మళ్లీ తీయించడమే ఒక పెద్ద పని. తిరగడానికి ఒక మనిషి ఉండాలి.

ఇక్కడ వరస ఎట్లా ఉంటుందో మీ కరపత్రంలో రాయండి, అందరికీ పనికొస్తుంది. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా, పోలీసుల దగ్గరికి వెళ్లినా, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపుతారు. అక్కడ ఐదు రోజుల దాకా ఉండొచ్చు. ఆ తర్వాత ఎక్కడికి అన్నదే ప్రశ్న, ఇట్లాంటి గృహాలు అక్కడే అక్కరకొస్తాయి. పిల్లల సంగతి వేరు. తిరుపతి స్టేషన్లో ఒంటరిగా దిగిన పిల్లాడు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. ఇరవై నాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. మంచి మనసుతోనైనా సరే ఎవరూ ఇంటికి తీసుకుపోయి పెంచుకోకూడదు.

ఇంకొకటి, ఇది నా అభిప్రాయం. పిల్లల పేరు చెబితే డబ్బు త్వరగా వస్తుంది, తల్లుల పేరు చెబితే రాదు. అందుకని సంస్థలు కూడా పిల్లల హాస్టళ్ల వైపే మొగ్గుతాయి. తల్లికి ఒక పని, అద్దెకు ఒక గది దొరికితే ఆ పిల్లలు హాస్టల్‌కే రారు. కేంద్రం మిషన్ వాత్సల్య కింద పిల్లల్ని ఇంట్లోనే ఉంచడానికి నెలకు నాలుగు వేలు ఇస్తుంది. అర్హత ఉన్నవాళ్లు అందరూ దరఖాస్తు పెట్టుకోరు, కాగితాలు లేక. మీ డబ్బులో పెద్ద భాగం తల్లుల వైపు రాయండి.

సమన్వయకర్త, రెడింగ్:
రాస్తాం మేడం. మెంబర్లలో ఒకరు అడుగుతున్నారు, ‘తిరుపతిలో రాస్ (రాష్ట్రీయ సేవా సమితి) లాంటి పెద్ద సంస్థ ఉంది, టీటీడీ బాలమందిరం ఉంది, ఈ చిన్నవాళ్లు ఎందుకు’ అని.

తిరుపతి వాలంటీరు:
రాస్ 1981 నుంచి పని చేస్తోంది, కరకంబాడి దగ్గర వాళ్ల కృషి విజ్ఞాన కేంద్రం రైతులందరికీ తెలుసు. బాలమందిరానికి స్వామివారి అండ ఉంది. ఎవరినీ తక్కువ చేయడం లేదు. నెలాఖరులో కరెంటు బిల్లు కట్టడానికి వెతుక్కునేది వీళ్లు.

సాంస్కృతిక విభాగం:
లైవ్ తీసేశాను. దాని బదులు, సంస్థ నడిపే మేడం తిరుపతి టౌన్‌లో వేరే ఆఫీసులో కూర్చుని పది నిమిషాలు మాట్లాడి ముందే రికార్డు చేసి పంపుతారు. వెనక బోర్డు, కిటికీ కనిపించకుండా చూసుకోమన్నాను. స్టేజీ పక్కన పెద్ద చార్టు పెడతా: కాపలా జీతం ఒక నెల, కౌన్సెలర్ ఒక వారం, పది వాయిదాల ఆటో ఛార్జీలు, గది అడ్వాన్సు. ఎవరు ఏది భరిస్తే దాని మీద స్టిక్కర్. ధరలు మేడం పంపే బిల్లుల ప్రకారమే, నేను గుండ్రంగా చేయను. పాటలు, డాన్సులు మన పిల్లలవే. వాళ్ల ఫొటోలకూ తల్లిదండ్రుల సంతకం తీసుకుంటా.

వంటల కమిటీ:
ఒక మాట, కూర చర్చ కాదు. తిరుపతి ఆడవాళ్ల గురించి ఇంత మాట్లాడుతున్నాం. ఆ రోజు మన హాల్లోనే అలాంటి మనిషి ఉండొచ్చు. వీసా భర్త మీద ఆధారపడి ఉందని నోరు విప్పని వాళ్లను నేను చూశాను. ఆడవాళ్ల టాయిలెట్ తలుపుల లోపలి వైపు ఇక్కడి హెల్ప్‌లైన్ నంబరు 0808 2000 247 అంటిద్దాం. రోజంతా తీస్తారు, ఉచితం, తెలుగు మాట్లాడే దుబాసీని అడగొచ్చు. స్టేజీ మీద ప్రకటించొద్దు, పక్కన ఎవరున్నారో తెలియదు.

తిరుపతి వాలంటీరు:
తల్లీ, ఇది అన్నిటికంటే ముందు చెయ్యండి.

సమన్వయకర్త, రెడింగ్:
నేనే ప్రింట్ తీసి తెస్తాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. కుర్చీలకు ఇంకా ముగ్గురు కావాలి. గిఫ్ట్ ఎయిడ్ టేబుల్‌కు ఎవరూ పేరివ్వలేదు. వంటల అక్కా, పార్సిల్ డబ్బాల మీద పదార్థాల పేర్లు రాయాలి, అలర్జీ కలిగించేవి స్పష్టంగా.

వంటల కమిటీ:
చూశాను, ఇక్కడి చట్టం చెప్పిన ఆ పద్నాలుగు అలర్జీ పదార్థాల జాబితా. వేరుశెనగ, నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమ, జీడిపప్పు. మన పోపుల డబ్బా మొత్తం అందులోనే ఉంది! సంగటి ఒక్కటే తప్పించుకుంది. ఊరిబిండి గిన్నెకు వేరే గరిటె, వేరే టేబుల్ పెడతా. లేబుళ్లు రాయడానికి చక్కటి దస్తూరీ ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రండి, ఓళిగల మొదటి వాయి మీకే.

విద్యార్థి వాలంటీరు:
కుర్చీలకు మా రూమ్ నుంచి ముగ్గురం వస్తాం అక్కా. ఫారాల టేబుల్ కూడా నాకివ్వండి. లేబుళ్లకైతే నా దస్తూరీ పనికిరాదు, ఓళిగలకు మాత్రం వస్తాను.