కంప్యూటర్‌లోని జీపీఎస్ గడియారపు కార్డు నుంచి రిలేలకు సమయం ఇవ్వవచ్చా?

ప్రొటెక్షన్_ఇంజినీరు:
మా 220 కేవీ సబ్‌స్టేషన్‌లో ఘటనలు నమోదు చేసే సర్వరుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ గడియారపు కార్డు బిగించారు. కార్డు వెనుక యాంటెన్నా కనెక్టరు ఒకటి, తొమ్మిది పిన్నుల డి-సబ్ ఒకటి ఉన్నాయి. సీరియల్ పోర్టు, సెకనుకొక పల్సు, ఇరిగ్-బి కోడు (సమయాన్ని తీగ మీద పంపే సంకేతం), బయటి పల్సు వచ్చిన సమయాన్ని పట్టే రెండు క్యాప్చర్ ఇన్‌పుట్లు అన్నీ ఆ డి-సబ్ పిన్నులనే పంచుకుంటాయి; ఏది బయటికి రావాలో కార్డు మీది డిప్ స్విచ్‌లు (చిన్న మీటలు) నిర్ణయిస్తాయి. ఇరిగ్-బి ఎలాగూ ఉంది కనుక పన్నెండు రిలేలకూ (ఫాల్టును గుర్తించి లైనును ట్రిప్ చేయించే రక్షణ పరికరాలు) దీనినుంచే తీగ లాగుదామని మా పై అధికారి అంటున్నారు. రిలేలకు వేరే గడియారం కొనాలన్నది నా వాదన. మీ అభిప్రాయం తెలపగలరు.

నానోసెకను:
కచ్చితత్వం పేరు చెప్పి దీనిని తోసిపుచ్చలేము. ఆర్‌జీ58 కోయాక్సియల్ తీగలో మీటరుకు సుమారు 5 నానోసెకన్ల ఆలస్యం; అరవై మీటర్లకు 300. రిలే ఘటనల నమోదుకు ఒక మిల్లీసెకను చాలు. ఫేజర్ కొలతల యూనిట్లకు (వోల్టేజీ, కరెంటుల పరిమాణాన్నీ కోణాన్నీ కొలిచేవి) సైతం, 50 హెర్ట్జ్ వద్ద ఒక శాతం దోషమంటే సమయంలో దాదాపు 31 మైక్రోసెకన్లు. ఒక కిలోహెర్ట్జ్ కెరటం మీద ఎక్కించిన కోడు కాక డీసీ స్థాయి కోడు వాడితే అంతకన్నా ఎంతో మెరుగ్గా అందుతుంది. ఉన్నదానిని వాడుకోక మరో పెట్టె ఎందుకు?

పాత_ప్యానెలు:
నానోసెకను గారూ, లెక్క సరే, కానీ ప్రశ్న అది కాదు. నేను పనిచేసిన ఒక చోట సర్వరు పవర్ సప్లై మార్చడానికి యంత్రాన్ని ఆపితే, నలభై నిమిషాలపాటు రిలేలన్నీ తమ సొంత గడియారాల మీద నడిచాయి. ఆ మధ్యలోనే ఒక లైను ట్రిప్పయింది. కార్డుకు విద్యుత్తు వచ్చేది స్లాటు నుంచే కదా! పైగా కార్డు టీటీఎల్ (5 వోల్టుల లాజిక్) అవుట్‌పుట్ పన్నెండు రిలేల ఆప్టోకప్లర్లకు (కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే భాగాలు) చాలినంత కరెంటు ఇవ్వగలదో లేదో చూసుకోవాలి, మధ్యలో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ పెట్టాలి. ఫాల్టు సమయంలో ఎర్త్ పొటెన్షియల్ (నేల వోల్టేజీ) ఒక్కసారిగా పెరుగుతుంది. రిలే ప్యానెళ్లనూ సర్వరు మదర్‌బోర్డునూ రాగి తీగతో కలపడం అప్పుడు ప్రమాదం. తప్పదనుకుంటే ఫైబర్ మీద పంపండి.

బెంచి_మీద:
అవుట్‌పుట్ల గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఆ కార్డుకు విలువ తెచ్చేది క్యాప్చర్ ఇన్‌పుట్లని నా అభిప్రాయం. పిన్ను మీద పల్సు పడగానే కార్డు తన కౌంటరు విలువను హార్డ్‌వేర్‌లోనే పట్టి దాచుకుంటుంది, సర్వరు ఎప్పుడు తీరిక చేసుకుని చదివినా ఆ సమయం మారదు. ఇంటరప్ట్ వచ్చాక సాఫ్ట్‌వేర్ గడియారం చూసే పద్ధతిలో, ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత ఆలస్యం చేస్తే అంత తప్పు చేరుతుంది. అయితే అది టీటీఎల్ ఇన్‌పుట్. స్టేషన్ బ్యాటరీ 220 వోల్టుల డీసీ కాంటాక్టును మధ్యలో ఆప్టోకప్లర్ లేకుండా కలిపితే కార్డు ఆ క్షణమే పోతుంది. ఆర్‌ఎస్-232 కూడా అదే డి-సబ్‌లో ఉంది, దానిలో రుణ వోల్టేజీలు ఉంటాయి, కాబట్టి డ్రాయరులో దొరికిన కేబులు తగిలించకండి.

నానోసెకను:
పాత_ప్యానెలు గారు చెప్పిన విద్యుత్తు సంగతిని అంగీకరిస్తున్నాను. సర్వరు ఆగితే కోడు ఆగుతుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ విడి గడియారం కూడా ఒక్క యాంటెన్నా మీదే బతుకుతుంది. యాంటెన్నా పోయినప్పుడు కార్డు కోడును ఆపేయాలా, సొంత ఆసిలేటరు మీద కొనసాగించాలా అన్నది సెట్టింగులో ముందే నిర్ణయించుకోవాలి. రెండోదైతే ఫేజర్ కొలతల ప్రమాణమైన సీ37.118 ఇరిగ్-బికి చేర్చిన పొడిగింపులోని నాణ్యతా బిట్లను రిలే చదువుతుందో లేదో చూడండి. మూల ఇరిగ్-బిలో సంవత్సరం కూడా ఉండదు, రోజు సంఖ్యే ఉంటుంది.

యాంటెన్నా మాట వచ్చింది కనుక ఇంకొకటి. మైన్‌బర్గ్ (గడియారపు కార్డులు చేసే జర్మన్ సంస్థ) తరహా జీపీఎస్ కార్డయితే యాంటెన్నాయే సంకేతాన్ని 35.4 మెగాహెర్ట్జ్‌కు దించి కిందికి పంపుతుంది. అందుకే ఆర్‌జీ58 తోనే 300 మీటర్లు లాగవచ్చు, కానీ బజారులో దొరికే మామూలు జీపీఎస్ యాంటెన్నా దానికి పనికిరాదు. స్పేర్ కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రొటెక్షన్_ఇంజినీరు:
ఈ రోజు సర్వరు మూత తీసి చూశాను. డిప్ స్విచ్‌లలో సీరియల్‌వి మాత్రమే ఆన్‌లో ఉన్నాయి. ఇరిగ్-బి అసలు పిన్ను దాకా రావడమే లేదు. దానిని మార్చాలన్నా సర్వరును ఆపాల్సిందే. విడి గడియారానికి ఇండెంటు రాసి, స్విచ్‌ల ఫొటో జతచేశాను. బస్ కప్లర్ (రెండు బస్‌బార్లను కలిపే బ్రేకరు) ట్రిప్ కాంటాక్టును ఆప్టోకప్లర్ ద్వారా మొదటి క్యాప్చర్ ఇన్‌పుట్‌కు ఇవ్వడానికి మా అధికారి ఒప్పుకున్నారు.