సమస్యాపూరణం: ఉత్తరాగ్రమునకు నుత్తరమ్ము

సమస్య అంటే ముందే ఇచ్చిన పాదం, దానికి తగినట్టు మిగతా పద్యం అల్లడమే పూరణం. ఈ సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) ఉ–ను. 'ఉత్తరము' అంటే దిక్కు, జవాబు, లేఖ. ఏ అర్థమైనా సరే, విషయం మాత్రం నార్వేలోని నార్త్ కేప్ (సమస్యలోని 'ఉత్తరాగ్రము'). 1553లో ఈశాన్య సముద్రమార్గం వెతుకుతూ వెళ్లిన ఇంగ్లిష్ ఓడ నాయకుడు స్టీఫెన్ బరో పెట్టిన పేరది. పూరణలపై వ్యాఖ్యలు దిక్సూచివి.

సాగరి:
నౌక మీదినుండి నామమ్ము పెట్టిరి
కొండ యెత్తు చూచి, కొలత లేక;
కత్తిచిప్పమొనయె గణియించి చూచిన
నుత్తరాగ్రమునకు నుత్తరమ్ము

దిక్సూచి: లెక్క సరిపోయింది. నార్త్ కేప్ ఉత్తర అక్షాంశం 71 డిగ్రీల 10 నిమిషాల 21 సెకన్లు. పక్కనున్న క్నీవ్‌షెల్లొడ్డెన్ (మీ కత్తిచిప్పమొన) 71 డిగ్రీల 11 నిమిషాల 8 సెకన్లు. తేడా 47 సెకన్లు. అక్షాంశంలో సెకనుకు సుమారు 31 మీటర్లు గనుక దాదాపు 1,450 మీటర్లు. 'కొండ యెత్తు చూచి' పద్యానికి ప్రాణం: 307 మీటర్ల నిటారు కొండ ఓడలోవాళ్ల కళ్లకు కడుతుంది, నీళ్లలోకి పల్లంగా పాకిన మొన ఆనదు. అయితే 'కొలత లేక' అంటే కొలవనే లేదన్న నింద పడుతుంది. ఆనాటి సాధనాలకు నిమిషం లోపు తేడా అందదు. 'కొలువలేక' అనండి, గణమూ యతీ చెడవు.

కెరటం:
దీవి మీద నుండి దిట్టగా పేరొందె;
ఖండమునకు గొసయు గలదు వేరె;
కిన్నరోడ యనుచు గిటుకు విప్పితిమేని
యుత్తరాగ్రమునకు నుత్తరమ్ము

దిక్సూచి: నార్త్ కేప్ ఉన్నది మాగెరోయా దీవిలో, ఐరోపా ప్రధాన భూభాగపు కొస కిన్నరొడ్డెన్. అది 71 డిగ్రీల 8 నిమిషాల 2 సెకన్లు, అంటే నార్త్ కేప్‌కు దక్షిణానే! ఇక్కడ దిక్కు అర్థం చెల్లదు, 'జవాబు' ఒక్కటే పద్యాన్ని నిలబెట్టింది. ఆ తెగువ నాకు నచ్చింది. పేరు మాత్రం విరిచారు. 'ఒడ్డె' అంటే నార్వే భాషలో మొన. 'రోడ' అంటే ఆ మాటే పోతుంది. 'కిన్నరొడ్డెనంచు' అంటే మూడు గణాలూ కుదురుతాయి.

తపాలా:
అర్ధరాత్రి యెండ నందుండి వ్రాసిన
లేఖ వచ్చె ముద్ర లెస్స మెఱయ;
మిత్రు డంపినట్టి మేలైన కానుక
యుత్తరాగ్రమునకు నుత్తరమ్ము

దిక్సూచి: మే నడుమ నుంచి జూలై చివరిదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు, అగ్రం మీది తపాలా కార్యాలయానికి సొంత ముద్రా ఉంది. ఛందస్సూ శుద్ధం. తప్పు విభక్తిలో: అక్కడి నుంచి వచ్చిన లేఖకు '-నకు' అతకదు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:
మారు వ్రాయవలయు మా యూరి నుండియే
యుత్తరాగ్రమునకు నుత్తరమ్ము