ఈ వారం సమస్య: పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

నిర్వాహకుడు: మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇచ్చింది లెస్టర్ అక్కయ్య. ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం. ముందు మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చడమే పూరణ.

*పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు*

అంటే, మొగుణ్ణి చంపిన భార్యను పొగుడుతారని. మామూలుగా విషయం మీ ఇష్టానికే వదిలేస్తాం. ఈసారి అక్కయ్య ఒక షరతు పెట్టారు. పూరణ బీబీసీ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్‌లోని జానీన్ బుచర్ మీద ఉండాలి. ఆ సీరియల్ 1985 ఫిబ్రవరి 19న మొదలైంది, ఇప్పటికీ వస్తూనే ఉంది. కథ అక్కయ్యే చెప్తారు.

లెస్టర్ అక్కయ్య: లండన్ తూర్పున వాల్‌ఫర్డ్ అనే ఊరు, అందులో ఆల్బర్ట్ స్క్వేర్. రెండూ కల్పితమే. ఫ్రాంక్ బుచర్ చిన్న కూతురు జానీన్. 1989లో చిన్నపిల్లగా కథలోకి వచ్చింది. తల్లి లేని పిల్ల. ఫ్రాంక్ రెండో పెళ్లి చేసుకున్న పాట్ ఆమెకు సవతి తల్లి. 1999 నుంచి ఈ పాత్ర చార్లీ బ్రూక్స్‌ది. పెద్దయ్యాక జానీన్‌కు కావాల్సింది డబ్బు. బ్యారీ ఎవాన్స్ ఎక్కువకాలం బతకడనుకుని, ఆస్తి కోసం అతన్ని పెళ్లాడింది. తీరా చూస్తే అతనికి ప్రాణభయమేమీ లేదు. స్కాట్లాండ్‌లో, కొండ అంచున, నువ్వంటే నాకు ప్రేమ లేదని మొహం మీదే చెప్పేసింది. అది విని కూడా అతను వదలకుండా దగ్గరికి వచ్చాడు. తోసేసింది. కింద పడి ప్రాణం పోతుంటే సాయానికి ఎవరినీ పిలవకుండా చూస్తూ నిలబడింది. 2004 జనవరిలో వచ్చింది ఆ భాగం. ఇన్నేళ్లయినా ఆ మొహం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

రాజమండ్రి మాస్టారు: నా ప్రయత్నం.

తెరను జానీను పాత్రకు తీరు దిద్ది
కపటమెంతయొ నటి తన కనులఁ జూప
నటనకౌశలమునకు మన్ననలు సేసి
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

నిర్వాహకుడు: మాస్టారూ, ధార హాయిగా ఉంది. మూడో పాదంలో 'మన్ననలు' అన్న మాట మధ్యలో యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) పడటం ముచ్చటగా ఉంది. ఒక్క మాట చెప్పనివ్వండి. జానీన్ పేరు తీసేసి ఇంకే దుష్టపాత్ర పేరు పెట్టినా ఈ పద్యం అలాగే నిలుస్తుంది. అక్కయ్య చెప్పిన ఆ కొండ ఇందులో లేదు.

రాజమండ్రి మాస్టారు: ఒప్పుకుంటున్నాను. సమస్య చిక్కు విప్పడం మీదే దృష్టి పెట్టాను, మనిషిని వదిలేశాను.

తెనాలి బాబాయి: నేను ఆ సీరియల్ చూడలేదు. నాకు తెలిసిన దారిలో వెళ్లాను.

విల్లు చేబూని కృష్ణుని వెంట నిలిచి
సత్యభామయె శరముల జల్లు గురిసి
నరకుఁ గూల్చగ దివ్వెల నడుమ నసుర
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

వరంగల్ తమ్ముడు: అద్భుతం బాబాయ్! మూడో పాదం చివర 'అసుర' పెట్టేసరికి 'పతి' మొగుడు కాకుండా పోయాడు, అసురపతి అయ్యాడు. ఒళ్లు జలదరించింది.

నిర్వాహకుడు: ఈ విరుపు మన పెద్దల నుంచి వచ్చిన విద్య. బాబాయి దాన్ని చాలా శుభ్రంగా వాడారు. 'దివ్వెల నడుమ' అనడంతో దీపావళి మొత్తం ఒక్క పాదంలోకి వచ్చేసింది. షరతు ప్రకారం పోటీలోకి తీసుకోలేను గానీ, పద్యం దాచుకుంటున్నాను.

వరంగల్ తమ్ముడు: పద్యం రాయడం నాకు ఇది మూడోసారి. తప్పులుంటే చెప్పండి.

బ్యారి ధనమును గోరుచు పెండ్లియాడి
మనసు లేనిది కొండపై మట్టుబెట్టె
చూచువారలు కథలోని చొరవ మెచ్చి
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

రాజమండ్రి మాస్టారు: నాయనా, గణాలన్నీ, అంటే గురులఘువుల లెక్కంతా, సరిపోయాయి, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. 'బ్యా'కీ 'పెం'కీ హల్లు మైత్రి ఉంది, అచ్చు మైత్రి లేదు.

వరంగల్ తమ్ముడు: మాస్టారూ, బ్యారీ అని ఇంగ్లీషులో పలికేటప్పుడు అది 'ఆ' కాదు కదా, ఆ-కీ ఏ-కీ మధ్య పలుకుతుంది. ఆ లెక్కన చెల్లుతుందేమో అనుకున్నాను.

రాజమండ్రి మాస్టారు: నీ చెవి మంచిదే. బ్యాంకు, క్యాంపు లాంటి మాటలన్నిట్లోనూ ఉన్న చిక్కే ఇది. కానీ మనం య వత్తిచ్చి దీర్ఘం పెట్టి రాసుకున్నాక, యతికి చూసేది ఆ ఆకారాన్నే. రాసినదాన్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పలికితే యతికి పట్టు ఉండదు. ఇలా మార్చి చూడు: 'బ్యారి సిరి మీది వలపుతో భార్య యగుచు'.

లెస్టర్ అక్కయ్య: సవరణ కథకు కూడా బాగా అతికింది మాస్టారూ. వలపు బ్యారీ మీద కాదు, సిరి మీద! తమ్ముడూ, మూడో పాదంలో 'చొరవ' దగ్గర నాకు మనసొప్పలేదు. ఎవరి చొరవ? జానీన్‌దే అయితే మనం హత్యను మెచ్చుకున్నట్టవుతుంది. 'కథకుల చొరవ మెచ్చి' అను. గణం చెడదు, దోషం పోతుంది.

వరంగల్ తమ్ముడు: అలాగే అక్కా, మార్చేస్తాను.

లెస్టర్ అక్కయ్య: ఇక నాది. నన్ను పట్టి కుదిపేసింది బ్యారీ చావు కన్నా ఆ తర్వాత జరిగింది. అదే 2004లో లారా అనే ఆవిడ మెట్ల మీంచి పడి చనిపోయింది. అది ప్రమాదం. కానీ నేరం జానీన్ మీద పడింది. ఆమె నిర్దోషి అని తేల్చే సంగతి పాట్ చేతిలో ఉంది. పాట్ నోరు విప్పలేదు. ఎందుకంటే బ్యారీ తండ్రి రాయ్‌ని కూడా పెళ్లాడిన మనిషి పాట్. అంటే చంపినదానికీ సవతి తల్లే, చచ్చినవాడికీ సవతి తల్లే. చివరికి మనసు ఊరుకోక నిజం చెప్పింది, జానీన్ బయటపడింది.

కొండపై నుండి త్రోసియు గుట్టు దాచి
శిక్ష తప్పెను, చేయని చేత కొఱకు
చెరను బడె నామె. యా వింత చింత గూర్చ
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు ఎంత బిగువుగా ఉన్నాయో! 'శిక్ష తప్పెను, చేయని చేత కొఱకు' దగ్గర పాదం ఆగుతుంది, వాక్యం ఆగదు. చదివేవాడు కూడా ఆమెతో పాటు చెరలోకి నడుస్తాడు. చిక్కు మూడో పాదంతోనే. చింత కలిగితే జాలి పడతారు, ప్రస్తుతించరు కదా.

రాజమండ్రి మాస్టారు: 'చెరను బడె నామె, నటనకుఁ జేతులెత్తి' అంటే అన్వయం కుదురుతుందమ్మా.

లెస్టర్ అక్కయ్య: కుదురుతుంది మాస్టారూ. కానీ నేను మళ్లీ మీ నటన దారికే వచ్చేస్తాను. పాట్ పడిన యాతన పోతుంది. నా పద్యం ఇలా అసంపూర్తిగానే ఉండనివ్వండి. ఆలోచిస్తాను.

నిర్వాహకుడు: ఇక్కడిదాకా వచ్చాక నాకూ ఒకటి తట్టింది. మన ప్రశంసంతా తెర ఇవతల నుంచే వస్తోంది. తెర అవతల, వాల్‌ఫర్డ్ మనుషుల నోటితోనే ఆమెను పొగిడించగలమా? నిజం తెలియని మనిషి పొగడకేం చేస్తాడు!

జారి పడెనని కన్నీట జాలి గొలుప
నిజము నెఱిగిన దా కొండ నెత్తి యొకటె
తెలియనేరక వీధిలో ధీర యనుచు
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

తెనాలి బాబాయి: ఇదీ పూరణంటే! విరుపు లేదు, శ్లేష లేదు. సమస్య ఉన్నదున్నట్టుగా నిలబడి నిజమైపోయింది. కొండను సాక్షిగా నిలబెట్టడం నాకు బాగా నచ్చింది.

లెస్టర్ అక్కయ్య: చాలా బాగుంది. ఒక్క సంగతి ఒప్పుకోలేకపోతున్నాను. 'వీధిలో' అంటే వీధంతా నమ్మేసినట్టు ధ్వనిస్తోంది. పాట్ అనుమానించింది. కూతుర్ని పెంచిన మనిషికి ఆ కన్నీళ్ల సంగతి తెలియదా? 'తెలియనేరక కొందరు ధీర యనుచు' అంటే పాట్‌కి చోటు మిగులుతుంది.

నిర్వాహకుడు: 'వీధిలో' తీసేసి 'కొందరు' పెట్టాను అక్కయ్యా. యతికీ గణానికీ ఇబ్బంది లేదు. ఆ ఒక్క మాటతో పొగడని వాళ్లు కూడా పద్యంలోకి వచ్చి నిలబడ్డారు.

వరంగల్ తమ్ముడు: ఒక సందేహం. ఆమె తోసింది చంపాలనా, విదిలించుకోవాలనా? విదిలించుకోవడమే అయితే 'జంపిన' అనొచ్చా?

లెస్టర్ అక్కయ్య: మంచి ప్రశ్న తమ్ముడూ. తోసిన క్షణం మీద రెండు వాదాలూ చెల్లుతాయి. ఆ తర్వాతి నిమిషాల మీద చెల్లవు. అతను ఇంకా ఊపిరి తీస్తున్నాడు, ఆమె కదల్లేదు. నా లెక్కలో 'జంపిన' అక్కడుంది. ఈస్ట్‌ఎండర్స్‌లో దాదాపు ప్రతి భాగం డప్పు దరువుతో ముగుస్తుంది. ఆ దరువు వినపడితే ఇప్పటికీ నాకు ఆ కొండే గుర్తొస్తుంది.

వరంగల్ తమ్ముడు: అయితే నా 'మట్టుబెట్టె' తప్పక్కా. మట్టుబెట్టడమంటే తన చేత్తో చేసే పని. రెండో పాదం మళ్లీ రాశాను, యతి చూడండి మాస్టారూ.

బ్యారి సిరి మీది వలపుతో భార్య యగుచు
కొండ దిగువను ప్రాణాలు గొట్టుకొనగ
చూచుచుండెను, కథకుల చొరవ మెచ్చి
పతిని జంపిన యాలిని బ్రస్తుతింత్రు

రాజమండ్రి మాస్టారు: 'కొ'కి 'గొ' చెల్లింది నాయనా. మూడో పాదంలో 'చూచు'కి 'చొ' కూడా చెల్లింది. ఇందులో నేను దిద్దాల్సింది ఏమీ లేదు.