«నీళ్ళమీద నోడ నిగిడి తిన్నగ...» : చివరి మాట ‘బ్రాకు’నా, ‘బాఱు’నా?

తెరచాప:
సభ్యులందరికీ నమస్కారం. బాస్ చేపల వేటకు వాడే వేగపు పడవలకు ప్రొపెల్లరును ఎంచుకోవడం గురించీ, వెనుక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారును ఏ ఎత్తులో నిలపాలన్న దాని గురించీ తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. మోటారు ఎత్తు ప్రకరణానికి మొదట్లో వేమన పద్యమొకటి ఉంచాలని కోరిక. ‘నీళ్ళమీద నోడ నిగిడి తిన్నగ’ అన్నంతవరకు గుర్తుకు వస్తున్నది కాని, పాదం చివర ఒకసారి ‘బ్రాకు’ అని, మరొకసారి ‘బాఱు’ అని నోటికి వస్తున్నది. రెండో పాదంలోనూ అదే చిక్కు: ‘బైట మూరెడైన బ్రాకలేదు’ అనాలా, ‘బాఱలేదు’ అనాలా? ‘నెలవు దప్పుచోట నేర్పరి కొఱగాడు’ అన్న మూడో పాదం మాత్రం స్థిరంగా ఉంది, నాకు కావలసిందీ అదే. ఎంత మేలైన ప్రొపెల్లరైనా నీటిలో తన నెలవు తప్పితే కొఱగాదన్నదే ఆ ప్రకరణంలో నేను చెప్పదలచిన మాట. సరైన పాఠం ఏదో తెలియజేయగలరు.

ఛందోమిత్ర:
తెరచాప గారూ, ఛందస్సుతో ఈ తగవు తీరదు. ఇది ఆటవెలది. మొదటి పాదంలో మూడు హగణాలు, ఆ పైన ‘నిగిడితి’ నగము, ‘న్నగబ్రాకు’ సలము. ‘బాఱు’ అన్నా సలమే. ‘బ్రా’ ముందున్న ‘గ’ను గురువు చేస్తే గణం చెడుతుంది కనుక దానిని తేల్చి, లఘువుగానే పలకాలి, అంతే. యతి ‘నీ’కీ ‘ని’కీ చెల్లింది కాబట్టి చివరి మాటతో దానికి పని లేదు. రెండో పాదంలో యతి సరిగ్గా వివాదాక్షరం మీదనే పడుతుంది, కాని ‘బై’కి ‘బ్రా’ అయినా ‘బా’ అయినా చెల్లుతుంది. ఆటవెలదికి ప్రాస నియమం లేదు కాబట్టి ఆ దారీ మూసుకున్నట్టే. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ఈ పద్యాలు తాటాకుల్లోనూ జనం నోళ్ళలోనూ శతాబ్దాలు తిరిగినవి. పాఠాంతరాలు ఉండడం సహజం.

శకటరేఫ:
ఛందస్సు తీర్చకపోయినా అర్థం తీరుస్తుంది. ఓడ నీటి మీద ప్రాకుతుందా? ప్రాకేది పసిబిడ్డ, పాము, తీగ. వేగంగా సాగిపోవడానికి మన భాషలో ఉన్న మాట ‘పాఱు’, పద్యంలో సంధి వల్ల ‘బాఱు’ అయింది, ‘ప్రాకు’ ‘బ్రాకు’ అయినట్టే. ఏఱు పాఱుతుంది, లేడి పాఱుతుంది, ఓడ కూడా పాఱుతుంది. ‘నిగిడి’ అన్నది విజృంభించి, ముందుకు చాచుకొని అన్న అర్థం ఇచ్చే మాట కదా. విజృంభించిన వస్తువు ప్రాకడం పొసగదు. శకటరేఫను, అంటే ‘ఱ’ను, పలకడం తగ్గిన కాలంలో ఎవరో రాయసకాడు ‘బాఱు’ను ‘బ్రాకు’గా మార్చి ఉంటాడని నా నమ్మకం. పైగా మీరు రాస్తున్నది గంటకు 70 మైళ్ళు పరుగెత్తే పడవల గురించి. ‘ప్రాకు’ పెడితే చదివేవారు ఏమనుకుంటారు?

చుక్కాని:
శకటరేఫ గారితో నేను ఏకీభవించలేను. ‘ప్రాకు’కు ‘ఎగబ్రాకు’ అన్న అర్థం కూడా ఉన్నది. చెట్టు ప్రాకడం, గోడ ప్రాకడం అంటాము. ఇప్పుడు పడవ చేసే పనిని చూడండి. నిలిచి ఉన్న పడవకు ఒక్కసారిగా శక్తి ఇచ్చినప్పుడు దాని ముక్కు పైకి లేస్తుంది, ముందు ఒక అల పుడుతుంది, ఆ అలను ఎగబ్రాకి దాటితేనే పడవ నీటి మీద పలకలాగా తేలి పరుగెత్తే స్థితికి, అంటే ప్లేనింగుకు వస్తుంది. నిగుడడం ముక్కు లేవడం, ప్రాకడం తన అలను తానే ఎక్కడం, తిన్నగ అన్నది ఆ తరువాత మట్టానికి రావడం. మూడు మాటలూ మూడు మెట్లకు అమరాయి. ‘బాఱు’ పెడితే ఈ మధ్య మెట్టు పోతుంది.

ప్రొపెల్లరు ఎంపికలో సగం వివాదం ఈ మెట్టు దగ్గరే ఉన్నది. ఒక చుట్టు తిరిగినప్పుడు జారకుండా ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో దానిని పిచ్ అంటాము, 14.5 × 24 అని ఉంటే మొదటిది రెక్కల వ్యాసం, రెండోది పిచ్. పిచ్ ఎక్కువైతే ఎగబ్రాకడం కష్టమవుతుంది, పూర్తి త్రాటిల్ ఇచ్చినా ఇంజను తన ఆర్‌పీఎంను, అంటే నిమిషానికి తిరగవలసిన చుట్లను, అందుకోలేదు. పిచ్ తక్కువైతే చకచకా లేస్తుంది కాని పైన ఆర్‌పీఎం హద్దు దాటుతుంది. అంగుళం పిచ్‌కు సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. కాబట్టి తయారీదారు చెప్పిన శ్రేణి 5,000 నుంచి 6,000 అయితే, మామూలు బరువుతో ఆ శ్రేణి పై భాగంలో నిలిచే పిచ్‌ను ఎంచుకోవాలి.

శకటరేఫ:
చుక్కాని గారూ, వేమన చూసిన ఓడకు తెడ్డూ తెరచాపే కాని మోటారు లేదు. తన అలను తాను ఎగబ్రాకి దాటే పడవను ఆయన ఎక్కడ చూశారు? మన కాలపు యంత్రాన్ని ఆయన మాటలోకి దించి పాఠనిర్ణయం చేయడం పద్ధతి కాదు. అన్వయం వేరు, పాఠం వేరు.

చుక్కాని:
అన్వయం కోసమే కదా తెరచాప గారు అడిగినది! అయినా పెద్ద అల వచ్చినప్పుడు ఓడ దానిని ఎగబ్రాకడం ఏ కాలంలోనైనా కనిపించేదే. ఆ అర్థం వేమనకు అందదని నేననుకోను.

నుడికారం:
మీరిద్దరూ చివరి మాట మీద నిలిచిపోయారు. పద్యానికి ప్రాణం ‘నెలవు’ మాటలో ఉన్నది. నెలవు అంటే ఊరికే చోటు కాదు, అలవాటుపడి నిలిచే చోటు, ఉనికిపట్టు. వేమనే ఇంకో పద్యంలో ‘నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు బట్టు, బైట కుక్కచేత భంగపడును’ అని, ‘స్థానబలిమి కాని తన బల్మి కాదయా’ అని ముగించారు. ‘నిగిడి’, ‘బైట’ రెండు పద్యాల్లోనూ అవే మాటలు. చూడగానే ఇవి కవలలని తెలుస్తుంది. తెరచాప గారూ, ఓడ పద్యం మానేసి మొసలి పద్యం పెట్టండి. ప్రొపెల్లరు బలం తనది కాదు, నీటిది. ‘స్థానబలిమి’ కన్నా ఆ సంగతిని చక్కగా చెప్పే మాట దొరకదు. వేమనలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఇదే: మూడో పాదంలోని సూత్రం ఏ శాస్త్రానికైనా సరిపోతుంది, మొదటి రెండు పాదాలు మాత్రం కంటితో చూసినవై ఉంటాయి.

తెరచాప:
నుడికారం గారి సూచన బాగున్నది. అయితే మొసలి బయట పూర్తిగా ఓడిపోతుంది, నా ప్రొపెల్లరు సంగతి అలా కాదు. మోటారును నీటిలో బాగా దించి పెడితే ప్రొపెల్లరుకు పట్టు ఉంటుంది కాని గేర్‌కేస్, అంటే మోటారు అడుగున గేర్లుండే భాగం, నీటిని ఈడ్చుకుపోవలసి వస్తుంది, వేగం తగ్గుతుంది. కొంచెం పైకి లేపితే ఆ ఈడ్పు తగ్గి వేగం పెరుగుతుంది. ఇంకా లేపితే రెక్కలు పై నుంచి గాలిని లాక్కొని పట్టు వదిలేస్తాయి. ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది, పడవ ముందుకు పోదు. అంటే నెలవు లోతులోనూ లేదు, బైటా లేదు, రెండింటి నడుమ సన్నని అంచు మీద ఉన్నది. ఓడ పద్యంలోని ‘నెలవు దప్పు’ ఆ అంచుకు సరిపోతుందని నాకు అనిపిస్తున్నది.

పలక:
ఆ అంచు ఎక్కడుందో కొలిచి చెప్పడానికి ఒక పద్ధతి ఉన్నది కాబట్టి ‘నెలవు’ను గాలిలో వదలనక్కరలేదు. బాస్ పడవ అడుగున, వెనుక భాగంలో, నడిమధ్య చదునైన పట్టీ ఉంటుంది. దానినే ప్యాడ్ అంటారు, పూర్తి వేగంలో పడవ దాదాపు దాని మీదే పరుగెడుతుంది. మోటారును ప్యాడ్‌కు సమాంతరంగా ట్రిమ్ చేసి, అంటే దాని వాలును సరిచేసి, ప్యాడ్ మట్టం నుంచి ప్రొపెల్లరు ఇరుసు నడిబిందువు ఎంత కిందికి ఉన్నదో కొలవాలి. చాలా పడవలకు 3 నుంచి 3.5 అంగుళాలు కిందికి ఉంచి మొదలుపెట్టడం క్షేమం. అక్కడి నుంచి జాక్‌ప్లేటుతో, అంటే మోటారును పైకీ కిందికీ జరిపే బిగింపుతో, పావు అంగుళం చొప్పున లేపుతూ, ప్రతిసారీ జీపీఎస్ వేగమూ, ఆర్‌పీఎమ్మూ, నీటి పీడనమూ రాసుకోవాలి. వేగం పెరగడం ఆగిన చోటో, మలుపులో పట్టు జారిన చోటో, శీతలీకరణ నీటి పీడనం తయారీదారు చెప్పిన కనీసానికి దగ్గరపడిన చోటో, ఏది ముందు వస్తే అక్కడ ఆగి ఒక మెట్టు దించాలి. పీడనం సంగతి మరిస్తే ఇంజనే కాలిపోతుంది. గంటకు ఒక మైలు వేగం కోసం దానిని పణం పెట్టకూడదు.

జాక్‌ప్లేటు మోటారును వెనక్కి కూడా జరుపుతుంది. పడవ అడుగు నుంచి విడివడిన నీరు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది కాబట్టి, 8 నుంచి 10 అంగుళాలు వెనక్కి జరిపితే సుమారు ఒక అంగుళం ఎత్తు పెంచుకోవచ్చునని వాడుకలో ఒక లెక్క ఉన్నది. అంటే నెలవు కూడా కదులుతుంది. వేమన దీనికి ఏమంటారో!

ఛందోమిత్ర:
కదిలేది నెలవు ఎలా అవుతుంది? నిలిచేదే నెలవు.

పలక:
పడవతో పాటు చూస్తే నిలిచే ఉన్నది, గట్టు మీది నుంచి చూస్తే కదులుతున్నది. దాని మీద తగవు వద్దు కాని, ‘తిన్నగ’ను ఎవరూ పట్టించుకోలేదు. వంకర లేకుండా అన్నది ఒక అర్థం, నెమ్మదిగా అన్నది ఇంకొకటి. మోటారును లేపేకొద్దీ ప్రొపెల్లరు పైరెక్క గాలికీ కిందిరెక్క నీటికీ తగులుతుంది, పడవ పక్కకు ఈడుస్తుంది, స్టీరింగు చేతిలో బరువెక్కుతుంది. కాబట్టి మన అన్వయానికి మొదటి అర్థమే ముఖ్యం.

శకటరేఫ:
నెమ్మదిగా అన్న అర్థం తీసుకుంటే ‘ప్రాకు’ నిలుస్తుంది, సూటిగా అన్న అర్థం తీసుకుంటే ‘పాఱు’ నిలుస్తుంది. పలక గారు మొదటిదే ముఖ్యమన్నారు కాబట్టి నా పక్షానికి వచ్చారని భావిస్తాను.

చుక్కాని:
ఆయన ఎవరి పక్షానికీ రాలేదు. సూటిగా ఎగబ్రాకవచ్చు కూడా. ఇంతకీ ఎత్తు గురించే మాట్లాడుతున్నారు కాని, ఏ ప్రొపెల్లరుకు ఆ ఎత్తు అన్నది ఎవరూ చెప్పలేదు. రెక్క వెనుక అంచు వంపు, అంటే కప్, ఎక్కువగా ఉన్నది గాలి కలిసిన నీటిలో కూడా పట్టు నిలుపుకొంటుంది కాబట్టి ఎత్తును భరిస్తుంది. రెక్కలు వెనక్కి బాగా వాలి ఉంటే, అంటే రేక్ ఎక్కువైతే, ముక్కును లేపుతుంది. నాలుగు రెక్కలది త్వరగా లేస్తుంది, బరువులో, మలుపులో జారదు; మూడు రెక్కలది చివరి వేగంలో సాధారణంగా కొంచెం ముందుంటుంది. ఒకదానితో కుదిరిన ఎత్తు రెండోదానికి కుదరదు. అందుకే ప్రొపెల్లరు మార్చిన ప్రతిసారీ పలక గారి కొలత మళ్ళీ మొదటి నుంచి చేయాలి. నేర్పరి మారితే నెలవూ మారుతుంది. పద్యం ఇంతవరకు చెప్పలేదు.

నుడికారం:
చెప్పింది. ‘నెలవు’ అన్నారు కాని అందరికీ ఒకే నెలవు అనలేదు. మొసలికి మడుగు, ఏనుగుకు గట్టు.

తెరచాప:
ఇన్ని మాటలు వచ్చాక నా పాఠానికి లెక్క కూడా ఒకటి చేర్చుతున్నాను. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తితోనూ 1,056తోనూ భాగిస్తే జారుడు లేని వేగం గంటకు మైళ్ళలో వస్తుంది. 5,800 ఆర్‌పీఎం, 25 పిచ్, 1.75 నిష్పత్తి అయితే అది సుమారు 78.5. జీపీఎస్ 72 చూపితే జారుడు, అంటే ఆ లెక్కకూ అసలు వేగానికీ ఉన్న తేడా, సుమారు 8 శాతం, అది బాగా కుదిరిన పడవ. అదే ప్రొపెల్లరుతో జారుడు 15, 20 శాతానికి పోతే పిచ్‌ను నిందించే ముందు ఎత్తును చూడాలి. అప్పుడే ‘స్థానబలిమి’ సంఖ్యగా కంటికి కనబడుతుంది. అందువల్ల మొసలి పద్యాన్ని ఈ లెక్క దగ్గరా, ఓడ పద్యాన్ని ఎత్తు ప్రకరణం మొదట్లోనూ ఉంచుతాను. మొదటి పాదం చివర ఏ మాట వేయాలో మాత్రం ఇంకా తేలలేదు.

పదగుచ్ఛం:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మోటారుకు ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే పలకను చాలామంది యాంటీ కావిటేషన్ ప్లేట్ అంటారు, అది సరికాదు. కావిటేషన్ అంటే పీడనం పడిపోయి నీరే ఆవిరి బుడగలు కావడం. ఈ పలక ఆపేది పై నుంచి గాలి దిగడాన్ని, అంటే వెంటిలేషన్‌ను. మీ పాఠంలో ఈ రెండింటినీ కలపకండి, ఎందుకంటే ఎత్తు తప్పితే వచ్చేది రెండోది. ఇక పాఠాంతరానికి వస్తే, ‘ప్రాకు’, ‘పాఱు’ రెండూ కాక ‘పాకు’ అన్నది మూడోది ఉన్నది. రేఫ పోయిన రూపమది, గణానికీ యతికీ అడ్డు లేదు, జనం నోట ఎక్కువగా వినబడేదీ అదే. దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదెందుకు?

శకటరేఫ:
పదగుచ్ఛం గారూ, ‘పాకు’ను ఒప్పుకుంటే ‘ప్రాకు’ను ఒప్పుకున్నట్టే కదా. అందుకు నేను సిద్ధంగా లేను.